నల్లరాజుల మధ్య కింగ్ పండు

ఆ రోజుల్లో అనగానే మీరు మరీ వెనక్కి నడిచి ఎడ్లబండ్ల దగ్గర ఆగకండి. నేను చెప్పేది చేతిలోకి టచ్ ఫోనూ, ఫోన్లోకి నెట్టూ వచ్చి, మనిషికి కావలసినవన్నీ ఇక వచ్చేసినట్టేనని మేం నమ్మిన రోజుల సంగతి. అప్పుడు జనగామలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, ఆ మూడేళ్లలో నేను నిజంగా శ్రద్ధ పెట్టి చేసిన పని ఒక్కటే, పేర్లకు సోకులు చేయడం. నెట్లో ఒక పేజీ ఉండేది. పైన ఉన్న డబ్బాలో మామూలు ఇంగ్లిష్ అక్షరాలతో పేరు కొడితే, కింద అదే పేరు నలభై యాభై వేషాల్లో దిగేది. ఒకటి బుడగల్లో, ఒకటి తలకిందులుగా, ఒకటి గొలుసుకట్టు రాతలో, ఒకటి లావుగా నల్లగా కొమ్ములు తిరిగి. (మన తెలుగక్షరాలకు ఈ వైభోగం లేదు. వాటికి పుట్టుకతోనే వంపులున్నాయి కదా, మళ్లీ ఎందుకనుకున్నారేమో.) నచ్చినది కాపీ చేసి తెచ్చి చాటింగ్ ప్రొఫైల్లో పేరున్న చోట అతికించుకుంటే, మన మెసేజ్ వెళ్లిన ప్రతి ఫోనులోనూ మనం అలాగే మీసం మెలేసుకుని కనబడతాం. ఇంతకంటే పెద్ద విద్య కాలేజీలో ఎవరూ నేర్పలేదని నా గట్టి నమ్మకం.

ఇంట్లో నన్ను పండు అంటారు. ఇంత మెత్తటి పేరుతో కాలేజీలో నెగ్గుకు రావడం కష్టమని ముందు కింగ్ తగిలించాను. కొమ్ములు తిరిగిన ఆ లావు అక్షరాల్లో కింగ్ పండు అని రాసి, అటొకటి ఇటొకటి చదరంగంలో ఉండే నల్లరాజు బొమ్మ నిలబెట్టి, ఆ రాజులకు అవతల రెక్కలు విప్పినట్టుండే రెండు చెక్కడపు గుర్తులు పెట్టాను. అవి ఏ దేశపు గుర్తులో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. చూసిన ప్రతిసారీ ఛాతీ ఒక అంగుళం పెరిగేది. మా క్లాసులో ఒకమ్మాయి గ్రూపులో నా పేరు చూసి, "గదేం పేరు, ముళ్లకంప లెక్క?" అని అడిగింది. ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది కాబట్టి దాన్ని పొగడ్త కింద జమ వేసుకున్నాను. మా హాస్టల్ గది ముందు సాయంత్రాలు వరుస కట్టేవారు. ఒకడికి కత్తులు కావాలి, ఒకడికి కిరీటం కావాలి, ఇంకొకడికి పేరు చుట్టూ మంటలు కావాలి. ఎవరినీ కాదనకుండా అందరికీ చేసిపెట్టేవాణ్ణి.

ఈ కళ నాకు ఊరికే అబ్బలేదని కూడా చెప్పుకునేవాణ్ణి. మా పెద్దబాపు (మా బాపుకు అన్న) బోర్డులు రాసేవాడు. దంతాలపల్లి నుంచి జనగామ దాకా, అటు హనుమకొండ దాటి భూపాలపల్లి దాకా, ఒకప్పుడు కిరాణా దుకాణమైనా ఎరువుల దుకాణమైనా, గోడ మీద పసుపు అక్షరానికి ఎర్ర నీడ పడిందంటే అది ఆయన చేతి రాతే. నిచ్చెన మీద నిలబడి, దారం కొట్టకుండా, గీత గీయకుండా, సున్నా చుట్టితే అది నాణెంలా ఉండేది. తరువాత ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని తగ్గింది. ఆ వెనకే కంట్లో నీటికాసులొచ్చి, చూపు కొసల నుంచి మూసుకుంటూ వచ్చి, నేను ఇంటర్‌లో చేరేసరికి పూర్తిగా పోయింది. అప్పటి నుంచి నాలుగేళ్లు ఆయన గడప దాటితే పక్కన పెద్దమ్మ చెయ్యి ఉండాల్సిందే. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని, పోయే బస్సుల చప్పుడు విని ఏ బస్సు ఎటు పోతుందో చెప్పేవాడు. ఒక్కోసారి, "గా బస్సెక్కి ఊకె అట్ల హన్మకొండ దాంక పోయి రావాల్రా, పండూ" అనేవాడు. అక్కడ ఏం పని అని అడిగితే, "పనేం లేదు. ఒక్కన్నే పోవాలె, గంతే" అనేవాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. సెలవులకు వచ్చినప్పుడు ఆయనకు మాట్లాడే ఫోను తయారు చేసిపెట్టాను. తయారు చేయడమంటే, ఉన్న టచ్ ఫోనులోనే కళ్లు కనబడని వాళ్ల కోసం ఒక ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఆన్ చేశాను. వేలు దేని మీద పెడితే దాన్ని చదువుతుంది. టైమ్ చెబుతుంది. ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్ల పేరు పలుకుతుంది. పండుకు ఫోన్ చెయ్యి అని నోటితో అంటే చేస్తుంది. ఆయనకు తెలియడం కోసం మాటల వేగం బాగా తగ్గించాను. మూడు రోజుల్లో అన్నీ నేర్చుకున్నాడు. భూపాలపల్లిలో ఉండే అక్క (పెద్దబాపు ఒక్కగానొక్క బిడ్డ, మా బావది అక్కడ బొగ్గుబావిలో ఉద్యోగం) ఫోన్లోనే ఆయనకో కట్టడి పెట్టింది. "నాయినా, బ్యాంకోళ్లమని మాయ చేసెటోళ్లు మస్తుగున్నరు. పేరంత ఇన్నంకనే ఎత్తు. పేరు పూర్తిగ రాకుంటే ఎత్తకు." ఆయన సరేనన్నాడు. ఆయన సరేనంటే అది గోడ మీద రాసినట్టే. నేను జనగామ తిరిగి వెళ్లే రోజు సాయంత్రం, అన్నీ బాగున్నాయి, ఇంకేదో తక్కువగా ఉందే అనిపించింది. ఫోన్లో పేర్లన్నీ వెలవెలబోతున్నాయి. అంత గొప్ప అక్షరాల మనిషి ఫోన్లో ఆ నాసిరకం అక్షరాలేమిటని, కూర్చుని పెద్దమ్మ, అక్క, బావ, మా బాపు, అమ్మ, అందరి పేర్లూ కొమ్ముల అక్షరాల్లోకి మార్చాను. నా పేరు చెప్పనే అక్కర్లేదు, రాజులతో రెక్కలతో సహా దించాను. కానుక ఇచ్చినవాడిలా ఫోన్ ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయాను. చూపు లేని మనిషికి అందమైన అక్షరాలు బహుమతిగా ఇచ్చిన తెలివి నాది. మార్చిన తరువాత ఒక్కసారి మోగించి చూద్దామని కూడా తోచలేదు.

రెండు వారాలు ఏమీ బయటపడలేదు. ఫోన్ మోగితే పెద్దమ్మే ఎత్తి ఆయన చెవి దగ్గర పెట్టేది. ఇంతలో అక్క భూపాలపల్లిలో ఇంటి ముందు గదిలోనే బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుంటోందని కబురొచ్చింది. వండి పెట్టడానికి పెద్దమ్మ నాలుగు రోజుల ముందే వెళ్లింది, పెద్దబాపు ఫోను ఎత్తివ్వడం మా అమ్మ వంతయింది. పెద్దబాపును మా బాపు తీసుకువెళ్లాలని అనుకున్నారు గానీ, సరిగ్గా అప్పుడే నాట్లకు కూలీలు దొరికారు, ఆయన కదల్లేకపోయాడు. అప్పుడు నేను ఫోన్లో ఎగిరెగిరి వాదించాను. "బస్సుల కూసొబెడితే పెద్దబాపు ఒక్కడే హన్మకొండ దాంక వస్తడక్కా. ఆడ నేనుంట. మాట్లాడే ఫోనున్నది గద!" వెనక నుంచి పెద్దమ్మ వద్దంటోంది. చివరకు అక్క అంది, "సరె రా. నీ మీద ఇడుస్తున్న. కని ఇను, ఏమన్న జర అటిటు అయిందనుకో, మల్ల నాయిన్ని జన్మల బస్సెక్కనియ్య. గా ఫోన్ కూడ సందుగుల పెడ్త." ఇటు దంతాలపల్లిలో పెద్దబాపు ఆ రాత్రే చొక్కా మడతపెట్టి దిండు కింద పెట్టుకున్నాడని మా అమ్మ చెప్పింది. నాలుగేళ్ల తరువాత మొదటిసారి ఒక్కడే బస్సెక్కబోతున్నాడు. అది నెగ్గితే ఆయనకు దారి తెరుచుకున్నట్టు, చెడితే ఇక అరుగే గతి. ఇదంతా నా చేతుల్లో ఉందని నాకు బాగా తెలుసు.

అంత తెలిసినవాణ్ణి ఆ పొద్దున ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఎనిమిది గంటల బస్సుకు బయలుదేరాలి. బూట్లు వేసుకుంటుండగా మా గదిలో వాడు (మేం వాణ్ణి లంబు అనేవాళ్లం) ఫోన్ పట్టుకుని అడ్డం వచ్చాడు. ఆ రోజు వాడి పుట్టినరోజు, పేరు కొత్తగా చేసిపెట్టాలి. "ఐదు నిమిషాలే అన్నా, జర నీ దండం పెడ్త" అన్నాడు. కళాకారుణ్ణి అలా బతిమిలాడితే ఏం చేస్తాడు? కూర్చున్నాను. వాడికి కేకు కావాలి, కేకు మీద మంట కావాలి, మంట పక్కన సింహం కావాలి. సింహం నచ్చలేదన్నాడు, పులిని పెట్టాను. తలెత్తేసరికి బస్సు వెళ్లిపోయింది. తరువాతి బస్సు పట్టుకుని, డ్రైవరు కంటే ముందుకు వంగి కూర్చుని వెళుతుంటే, స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఆ బస్సు టైరు కాస్తా పెద్ద శబ్దంతో కూర్చుంది. అందరూ దిగి చెట్ల నీడకు చేరారు. నేను మాత్రం టైరు విప్పేవాళ్ల నెత్తి మీద నిలబడి వాళ్లను విసిగించాను. పెద్దబాపు బస్సు హనుమకొండ చేరే టైము దగ్గరపడింది. నేను అక్కడికి ఇంకా గంట దూరంలో ఉన్నాను.

సరే, ఫోన్ ఉంది కదా, బస్టాండులో ఒకచోట కూర్చోమని చెబుదామని చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. మా బాపుకు చేస్తే, "బస్సుల మంచిగ కూసొబెట్టిన, ఫోన్ చేతులనే ఉన్నది" అన్నాడు. పదిహేడు సార్లు చేశాను, ఒక్కసారీ ఎత్తలేదు. అప్పుడే అక్క నుంచి ఫోను. "నాయిన కలిసిండా రా?" నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆ, కలిసిండక్కా. ఛాయ్ తాగుతుండు." ఒక చక్రం లేని బస్సు పక్కన ఎండలో నిలబడి ఆ అబద్ధం ఆడాను. ఆడిన మరుక్షణం నుంచీ ఆ ఛాయ్ నా గొంతులో అడ్డం పడినట్టే ఉంది.

అటు బస్సులో ఏం జరిగిందో తరువాత పెద్దబాపు నోటే విన్నాను. వర్ధన్నపేట దాటాక ఫోన్ మోగింది. మోగడంతో పాటు పేరు చదవడం మొదలుపెట్టింది. నా రెక్కల గుర్తులు, నల్లరాజులు, కొమ్ముల అక్షరాలు ఆ ఫోనుకు బొమ్మలూ అందాలూ కావు. ప్రతి దానికీ పుట్టినప్పుడు పెట్టిన పొడుగాటి ఇంగ్లిష్ పేరొకటి ఉంటుందట. అది ఆ పేర్లన్నీ నిదానంగా, నేను తగ్గించిపెట్టిన వేగంతో, బస్సంతా వినబడేలా చదివింది. "జావనీస్ లెఫ్ట్ రెరెంగ్గన్. బ్లాక్ చెస్ కింగ్. మ్యాథమెటికల్ బోల్డ్ ఫ్రాక్టుర్ క్యాపిటల్ కె. మ్యాథమెటికల్ బోల్డ్ ఫ్రాక్టుర్ స్మాల్ ఐ..." తొమ్మిది అక్షరాలకు తొమ్మిదిసార్లు ఈ దండకం చదవాలి. (లెక్కల్లో రెండు పేపర్లు తప్పిన నన్ను మ్యాథమెటికల్ అని పిలిచింది లోకంలో ఆ ఫోనొక్కటే.) అది పండులో 'పి' దాకా వచ్చేసరికి రింగు ఆగిపోయేది. పేరు పూర్తి కానిదే ఎత్తవద్దని అక్క చెప్పింది. పూర్తి కాలేదు, ఎత్తలేదు. మళ్లీ మోగింది, మళ్లీ జావనీస్. పక్క సీటులో ఉన్న ఒక అవ్వ భయపడి, "ఓ కొడుకా, నీ ఫోన్ల ఎవడో మంత్రాలు సదువుతున్నడు, జర దూరం పెట్టు" అందట. కండక్టరు వచ్చి చెవి పెట్టి విని, "ఫారిన్ కాల్ పెద్దమనిషీ. ముట్టకు, పరేషానయితవ్" అని తీర్పు చెప్పాడట. పెద్దబాపు నాకు ఫోన్ చేద్దామని, "పండుకు చెయ్యి" అన్నాడు. "ఆ పేరుతో ఎవరూ లేరు" అంది ఫోను. బిడ్డ పేరు చెప్పాడు. ఆ పేరుతోనూ ఎవరూ లేరంది. పెద్దమ్మ పేరు చెప్పినా అదే మాట. "నా ఫోన్ల నా ఇంటోళ్లు ఒక్కలు లేరట రా" అని తరువాత నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

నేను హనుమకొండ బస్టాండులో దూకేసరికి ఆయన బస్సు వచ్చి గంట పైనే అయింది. ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి పరుగెత్తాను. నల్లద్దాలు కనబడిన ప్రతి మనిషి ముఖంలోకి తొంగి చూశాను. అందులో ఒకాయన, "ఏంది, నీకేం బాకి ఉన్ననా?" అని కోప్పడ్డాడు కూడా. ఎంక్వయిరీ కిటికీ దగ్గర మైకులో చెప్పించాను. దంతాలపల్లి నుంచి వచ్చిన కళ్లు కనబడని పెద్దమనిషి ఎక్కడున్నా ఎంక్వయిరీ దగ్గరికి రావాలట. కళ్లు కనబడని మనిషి ఎంక్వయిరీ ఎక్కడుందో ఎలా చూస్తాడని నాకు తట్టేలోపు రెండుసార్లు చెప్పేశారు. అప్పుడు బస్టాండు గేటు పక్క హోటల్లో ఛాయ్ పోస్తున్న ఒకావిడ కేకేసింది. "ఓ పిల్లగా, నువ్వేనా పండు? నల్లద్దాల పెద్దాయన కోసమేనా లెంకుతున్నవ్?" నా పేరు అంత బాగా వినబడటం అదే మొదటిసారి. ఆవిడ అంది, "ఈడ కూసోని ఛాయ్ తాగి, భూపాలపల్లి బస్సు ఏడాగుతదో అడిగి, గా ఇస్తిరి దుకాణపాయిన చెయ్యి పట్టుకోని పోయి ఎక్కిండు. గీ హోటల్ బోర్డు మా మామ ఉన్నప్పుడు ఆయినే రాసిండట గద? హోటల్ పేరు చెప్పి అడుక్కుంట సక్కగ ఈడికే ఒచ్చిండు. పిల్లగాడు పరేషానయితడు, వానికి గూడ ఒక ఛాయ్ పోయుండ్రి అన్నడు." తలెత్తి చూశాను. వెలిసిపోయిన పసుపు అక్షరం, దాని కింద ఎర్ర నీడ. ఎన్నో ఏళ్ల ఎండా వానా తిన్నా, రోడ్డవతల నుంచి కూడా ఇట్టే చదవొచ్చు. ఛాయ్ చేతికిచ్చింది. గబగబా తాగి నాలుక కాల్చుకుని బస్సు వైపు పరుగెత్తాను.

భూపాలపల్లిలో దిగేసరికి దుకాణం ముందు షామియానా వేసి ఉంది. లోపలికి అడుగుపెడితే అక్క చేతిలో ఏది ఉంటే అది నా వీపు మీద పడుతుందని సిద్ధపడి వెళ్లాను. తీరా చూస్తే పెద్దబాపు కొత్త చొక్కాతో కుర్చీలో పెళ్లికొడుకులా కూర్చుని ఉన్నాడు. కాలి మీద కాలు. చుట్టూ నలుగురు. అక్క నన్ను చూసి ఎదురొచ్చింది. "ఏం రా, నాయిన్ని ఈ గల్లి మొదట్ల దింపి మిఠాయి తెస్తనని పోయినవట. గంట అయితంది. ఏది మిఠాయి?" నా చేతులు ఖాళీ. నేను జేబులు తడుముకుంటుంటే అక్క వెనక నుంచి పెద్దబాపు గొంతు వినబడింది. "దుకాణం బంద్ ఉన్నదేమో బిడ్డా. పిల్లగాడు పొద్దటి సంది నా ఎంబడి తిరిగి అలిసిపోయిండు. ముందుగాల వానికి ఇంత బువ్వ పెట్టు." అక్క నా తల మీద చెయ్యి వేసి, "మంచిగ తోల్కొచ్చినవ్ రా, అనవసరంగ భయపడ్డ" అని లోపలికి తీసుకెళ్లింది. ఆ రోజు ఆమె వడ్డించిన బగారన్నం ఎలా ఉందో నాకు జ్ఞాపకం లేదు. తలెత్తకుండా తిన్నాను.

దుకాణం తెరవడం అయిపోయి, చుట్టాలు ఛాయ్‌లలో పడ్డాక, పెద్దబాపు నన్ను పక్కకు పిలిచాడు. దుకాణం వెనక మెట్ల మీద కూర్చున్నాం. భూపాలపల్లిలో బస్సు దిగి, ఆటో ఎక్కి, గల్లీ మొదట్లో దిగి అడుగుతూ వచ్చాడట. "నిజం చెప్దాం పెద్దబాపూ. నువ్వొక్కనివే ఒచ్చినవని తెలిస్తే అక్క సంబురపడుతది" అన్నాను. "సంబురమా? ఎవలు లేకుంట ఒచ్చినవా అని ముందుగాల ఏడుస్తది. గా తర్వాత గడప దాటనియ్యది. నువ్వే తోల్కొచ్చినవ్. గంతే. మల్ల నెల గూడ నువ్వే తోల్కొస్తవ్, నేను ఒక్కన్నే ఒస్త" అని ముసిముసిగా నవ్వాడు. తరువాత కొంచెం నొచ్చుకున్నట్టుగా, "కని ఒక్క ఫోనన్న చెయ్యకపోతివి కదరా. పొద్దటి సంది ఎవడో జావా దేశపోడు చేసుడే చేసుడు, నువ్వు మాత్రం చెయ్యలే" అన్నాడు. జేబులో ఫోన్ తీసి ఆయనకు చేశాను. ఆయన చేతిలో ఫోను, "జావనీస్ లెఫ్ట్ రెరెంగ్గన్" అంది. "గిదే! గీడే!" అన్నాడు పెద్దబాపు. "గది నేనే పెద్దబాపూ" అన్నాను.

అంతా చెప్పాను. కొమ్ముల అక్షరాలు, నల్లరాజులు, లంబుగాడి పులితో సహా ఏదీ దాచలేదు. ఆయన తిడతాడనుకున్నాను. అరచెయ్యి చాపి, "రాయి. ఎట్లుంటదో సూస్త" అన్నాడు. ఆ అరచేతిలో వేలితో నా ఇంగ్లిష్ 'కె' రాశాను, కొమ్ములు, తోకలు, మడతలు, ఏదీ వదలకుండా. ఆయన రెండోసారి రాయించుకున్నాడు. "మంచిగున్నది రా. చెయ్యి తిరిగినోడు రాసిందే. ఏ కొస కా కొస ఒంపిండు" అని మెచ్చుకుని, అరచెయ్యి మూసుకుని, "నేను గూడ నీ లెక్కనే ఉంటి" అన్నాడు. కొత్తగా కుంచె పట్టిన రోజుల్లో గార్లలో ఒక ఎరువుల దుకాణానికి వారం రోజులు కూర్చుని తీగలూ పువ్వులూ చుట్టిన అక్షరాలతో బోర్డు రాశాడట. చూసినవాళ్లంతా ఆగి ఆహా అన్నారట. అని, పక్క దుకాణంలో ఎరువు బస్తా కొనుక్కుని పోయారట. ఇది ఏ దుకాణమో ఎవరికీ తెలిస్తే కదా! సేటు మూడో రోజే సున్నం పూయించి, "పోయే బస్సులకెళ్లి సదివేటట్టు రాయి, లేకుంటే నడువు" అన్నాడట. "ఆ దినం నాకు మస్తు కోపమొచ్చింది. ఇంటికొచ్చి బువ్వ తినలే. కని గా తర్వాత బస్సుల పోయేటోని కండ్లు యాదిల పెట్టుకోకుంట ఒక్క అచ్చరం రాయలే" అన్నాడు. నా పేర్లను వెనకేసుకొచ్చే పెద్దమనిషి దొరికాడనుకుంటే, ఆయన నాకంటే ముందే సున్నం పూయించుకుని కూర్చున్నాడు. రక్తంలోనే ఉందని నేను చెప్పుకున్నది నిజమే అయింది.

ఆ మెట్ల మీదే కూర్చుని పేర్లన్నీ మామూలు అక్షరాల్లోకి మార్చాను. ఒక్కొక్కటీ మార్చి మోగించాం. అక్క పేరు రెండక్షరాల్లో చటుక్కున పలికింది. పెద్దమ్మకు చెయ్యి అంటే, లోపల వంటింట్లో పెద్దమ్మ ఫోను మోగింది. ఆయన మొహం వెలిగింది. "దొరికిన్రు రా అందరు" అన్నాడు. చివరకు నా పేరు తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "నీది ఉండనియ్." అదెందుకు పెద్దబాపూ, పూర్తి కాదు కదా అన్నాను. "జావనీస్ అనంగనే నువ్వని తెలుస్తది గద. ఇంక ఆఖరు దాంక ఇనుడెందుకు? లోకంల గంత పొడుగు పేరు నీకు తప్ప ఎవనికున్నది!" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. కనబడదన్న ధైర్యంతో తుడుచుకోకుండానే కూర్చున్నాను. ఆయన మాత్రం, "ముక్కు చీదుకో, అక్క ఒస్తది" అన్నాడు.

అప్పటి నుంచి పెద్దబాపు నెలకోసారి భూపాలపల్లి ఒక్కడే వెళ్లొస్తున్నాడు. దారిలో ఆ హోటల్లో ఛాయ్ తాగుతాడు. అక్క లెక్కలో మాత్రం ప్రతిసారీ నేనే తీసుకువెళుతున్నాను. (ఇది చదివితే తప్ప ఆమెకు తెలియదు. దుకాణం పనుల్లో ఆమెకు చదివే తీరిక లేదని నా ధీమా.) నేనిప్పుడు మహబూబాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. నా ప్రొఫైల్లో ఇంటిపేరు పొడి అక్షరం, దాని పక్కన సొంత పేరు, అంతే. ఏ బస్సులోంచైనా చదవొచ్చు. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు పేరు చుట్టూ మంటలు పెట్టుకుని వస్తే, తోటివాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. వాడి మంటలు నిజం చెప్పాలంటే చాలా బాగున్నాయి.

పోయిన ఏడాది అక్క పెద్దబాపుకు కొత్త ఫోన్ కొనిచ్చింది. అది బాగా తెలివి మీరిన ఫోను. పేరుకు ఎన్ని కొమ్ములు పెట్టినా, కింద ఉన్న అసలు అక్షరాన్ని పట్టేసి, కింగ్ పండు అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. నల్లరాజులనైతే అసలు పట్టించుకోదు. నాకు ఆ సంగతి తెలియక ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడుసార్లు చేశాక పెద్దమ్మ ఎత్తి ఆయనకిచ్చింది. "ఎవడో కింగట. పేరు పూర్తిగనే ఒచ్చింది కని నాకు ఎర్కలేనోడు, ఎత్తలే" అన్నాడు. నేనే పెద్దబాపూ అన్నాను. "గంత చిన్నగైందేంది రా నీ పేరు?" అన్నాడు. ఆ ఆదివారం దంతాలపల్లి వెళ్లి ఆ ఫోన్లో ఉన్న మీటలన్నీ నొక్కి చూశాను, పాత గొంతు తిరిగి రాలేదు. చివరకు తలుపు దగ్గరికి వేసి, పెళ్లయి బిడ్డ ఉన్న నేను, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "జావనీస్ లెఫ్ట్ రెరెంగ్గన్, బ్లాక్ చెస్ కింగ్, మ్యాథమెటికల్ బోల్డ్ ఫ్రాక్టుర్ క్యాపిటల్ కె..." అని తొమ్మిది అక్షరాలూ ఒక్కటి తప్పకుండా చదివి, రికార్డు చేసి, నా నంబరుకు రింగుగా పెట్టాను. బయట పెద్దమ్మ, "వీనికేమైంది?" అని ఆయన్ని అడగడం వినబడింది. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే ఆ ఇంట్లో నా గొంతే నా పేరు చదువుతుంది. అంత కష్టపడి తొమ్మిది అక్షరాలూ చదివాను గానీ, 'కింగ్' దాకా కూడా అది ఎప్పుడూ వెళ్లలేదు. జావనీస్ అనగానే ఆయన ఎత్తేస్తాడు.